సీపీగెట్ రెండుసార్లు రాశాను: ఎమ్మెస్సీ సీటు కోసం నా అనుభవం

2022లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కోసం సీపీగెట్ (తెలంగాణలో పీజీ సీట్లకు రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాస్తే నాకు 1,212వ ర్యాంకు వచ్చింది. సీటు రాలేదు. 2023లో మళ్లీ రాశాను. 1,046 వచ్చింది. ఈసారి కోఠిలోని తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. రెండు ర్యాంకుల మధ్య తేడా 166 మాత్రమే. మొదటి ఏడాది నేను చేసిన తప్పులు చేయకుండా ఉంటే ఆ 1,212తోనే ఎక్కడో ఒక చోట చేరి ఉండేదాన్నని ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది. ఒక ఏడాది ఇంట్లో కూర్చోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది జనగామ దగ్గర పల్లె. నాన్న వ్యవసాయం. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీ ప్రభుత్వ కాలేజీలో బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ). మా ఇంట్లో పీజీ దాకా వచ్చింది నేనే మొదలు. ఏ కాగితం ఎందుకు కావాలో, ఏ తేదీ దాటితే ఏమవుతుందో చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ పరీక్ష నిర్వహిస్తుంది. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, మహాత్మా గాంధీ, పాలమూరు, శాతవాహన, మహిళా విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ హైదరాబాద్, ఇన్నింటికీ ఇదే ర్యాంకు. వీటి కింద ఉన్న కాలేజీలకూ అదే. ఒక్కో సబ్జెక్టుకు విడిగా పరీక్ష, విడిగా ఫీజు, విడిగా ర్యాంకు. కంప్యూటర్ మీద 100 బిట్లు, 90 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఈ చివరి వాక్యం నాకు మొదటి ఏడాది కూడా తెలుసు. తెలిసి కూడా 11 బిట్లు ఖాళీగా వదిలేసి బయటికి వచ్చాను.

ఎందుకు వదిలానో చెబుతాను. ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలంటే నాకు ఇష్టం. పరీక్షలో మొదట్లోనే ఒక లెక్క తగిలింది. వదలబుద్ధి కాలేదు. రఫ్ పేపరు మీద నాలుగైదు నిమిషాలు చేశాను. అలాంటివి మూడు నాలుగు అయ్యేసరికి చివర్లో టైమ్ లేదు. 90 నిమిషాలను 100తో భాగిస్తే ఒక బిట్‌కు వచ్చేది 54 సెకన్లు. ఆ లెక్క నేను పరీక్షకు ముందు ఒక్కసారి కూడా వేసుకోలేదు. చివరి 11 బిట్లలో నాకు బాగా వచ్చిన ఆర్గానిక్ ప్రశ్నలు ఉన్నాయేమో, అసలు చూడనే లేదు.

రెండో ఏడాది చదివే పద్ధతి మొత్తం మార్చాను. పెద్ద రచయితల లావు పుస్తకాలు పక్కన పెట్టి డిగ్రీ ఆరు సెమిస్టర్ల పుస్తకాలే ముందు పెట్టుకున్నాను. ప్రశ్నలు వచ్చేది డిగ్రీ సిలబస్ నుంచే. రోజూ పొద్దున ఒక యూనిట్, సాయంత్రం దాని మీద బిట్లు. తప్పు పోయిన ప్రతి బిట్‌ను ఒక నోట్‌బుక్‌లో రాసి, ఎందుకు తప్పు పోయిందో కింద ఒక లైను రాసేదాన్ని. రెండు నెలలకే ఆ నోట్‌బుక్ నాకు అన్ని పుస్తకాలకన్నా ఎక్కువ ఉపయోగపడింది. ఉదాహరణకు 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత అంటే నేను వరుసగా మూడుసార్లు 8 అని పెట్టాను. ఆమ్లానికి 7 కన్నా ఎక్కువ పీహెచ్ రాదు కదా. నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లను కూడా కలపాలి, అప్పుడు 6.98 దగ్గర వస్తుంది. అలాగే ఐదు ఒంటరి ఎలక్ట్రాన్లు ఉంటే అయస్కాంత భ్రామకం 5.92 బోర్ మాగ్నెటాన్లు, నాలుగుంటే 4.90, మూడుంటే 3.87. ఇవి పరీక్షలో లెక్క కట్టే పని లేదు, నోటికి రావాలి. నోటికి వచ్చేవి ఎన్ని ఎక్కువ ఉంటే లెక్కలకు అంత టైమ్ మిగులుతుంది.

పరీక్షలో మూడు రౌండ్లు పెట్టుకున్నాను. మొదటి రౌండ్‌లో చూడగానే వచ్చేవి. రెండో రౌండ్‌లో కొంచెం ఆలోచించాల్సినవి. లెక్కలన్నీ మూడో రౌండ్‌కు. చివరి ఐదు నిమిషాలు మాత్రం మిగిలిన వాటన్నింటికీ ఏదో ఒక జవాబు పెట్టడానికే. మాక్ టెస్టులు జనగామలో నెట్ సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ మీదే రాశాను. ఫోన్లో రాయడం వేరు, మౌస్ పట్టుకుని గంటన్నర కదలకుండా కూర్చుని రాయడం వేరు. 2023లో నేను ఒక్క బిట్ కూడా ఖాళీగా వదల్లేదు.

అయినా ర్యాంకులో తేడా 166 మాత్రమే. ఆ ఏడాది అందరూ బాగానే రాసి ఉంటారు. ర్యాంకు చూసినప్పుడు ఏడుపు వచ్చింది, అది నిజం. మళ్లీ అదే కథ అవుతుందనుకున్నాను.

కాగితాల సంగతి ఇప్పుడు చెప్పాలి. మొదటి ఏడాది నన్ను సగం ముంచింది అదే. 2022లో అప్లికేషన్ ఒక నెట్ సెంటర్‌లో వేయించాను. మొబైల్ నంబర్ అడిగిన చోట వాళ్ల నంబరే కొట్టారు. నేను చూసుకోలేదు. కౌన్సెలింగ్ మొదలయ్యాక ఓటీపీలన్నీ ఆ నంబరుకే పోయాయి. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేశాక వెరిఫికేషన్‌లో ఏదో అభ్యంతరం వచ్చిందని మెసేజ్ వచ్చిందట. అది నాకు చేరేసరికి నాలుగు రోజులు. అభ్యంతరం ఏమిటంటే కుల ధ్రువీకరణలో నాన్న ఇంటిపేరు ఒక రకంగా, పదో తరగతి మెమోలో ఇంకో రకంగా ఉంది. ఒక్క అక్షరం తేడా. దాన్ని సరిచేయించడానికి ఆఫీసు చుట్టూ నాన్న మూడుసార్లు తిరిగాడు. పొలం పని వదిలేసి. ఈలోగా మొదటి విడత అలాట్‌మెంట్ అయిపోయింది. నేను బీసీ-డీ అయి ఉండి కూడా ఆ విడతలో ఓసీ కింద లెక్కకు వెళ్లాను.

రిజర్వేషన్ కాగితం విలువ నాకు అప్పుడు అర్థమైంది. తెలంగాణలో బీసీ-డీకి 7 శాతం సీట్లు. మన ర్యాంకుకు ముందు ఓపెన్ సీటు చూస్తారు, అందులో రాకపోతే మన కేటగిరీలో చూస్తారు. అంటే రెండు తలుపులు ఉన్నట్టు. కాగితం సరిగ్గా లేకపోతే రెండో తలుపు మూసుకుపోతుంది.

రెండో ఏడాది నోటిఫికేషన్ రాకముందే ఒక ఫైలు తయారు చేశాను. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ అన్ని సెమిస్టర్ల మెమోలు, ప్రొవిజనల్, టీసీ, చదివిన ప్రతి చోటి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్. అన్నింటినీ ఒక టేబుల్ మీద వరుసగా పరిచి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం చూసుకున్నాను. ఆ పని పూర్తవడానికి గంట పట్టలేదు. మొదటి ఏడాది ఆ గంట కూర్చుని ఉంటే నాన్నకు ఆ తిప్పలు తప్పేవి.

ఆదాయ ధ్రువీకరణ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుల ధ్రువీకరణ ఒకసారి తీసుకుంటే ఉంటుంది, ఆదాయానిది అలా కాదు, ఏడాదే చెల్లుతుంది. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి. కౌన్సెలింగ్ రోజుల్లో అందరూ ఒకేసారి పెడతారు కాబట్టి ఆలస్యమవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇది లేకపోతే పని జరగదు. ఊళ్లలో ఉండే బీసీ కుటుంబాలకు ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఆదాయం ఉండాలి. మాలాంటి ఇళ్లకు ఇది వస్తేనే చదువు, రాకపోతే లేదు.

ఎన్‌సీసీ, స్పోర్ట్స్, సైనికుల పిల్లల కోటా ఉన్నవాళ్లు ఆ సర్టిఫికెట్ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవాలి. నాతో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి ఎన్‌సీసీ చేసి కూడా అప్లికేషన్‌లో ఆ గడి టిక్ చేయలేదు. తర్వాత ఎంత బతిమాలినా చేర్చలేదు.

ఇక వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టే జాబితా. నాకు సీటు వచ్చింది నిజానికి ఇక్కడే.

2022లో నేను పెట్టిన ఆప్షన్లు మూడు. ఉస్మానియా క్యాంపస్, నిజాం కాలేజీ, హనుమకొండలో కాకతీయ క్యాంపస్. అంతే. "యూనివర్సిటీ అంటే క్యాంపస్‌లోనే చదవాలి" అని నా మనసులో ఉండేది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ ముందు ఫొటో దిగాలని ఇంటర్ నుంచి కోరిక. అందులో తప్పేమీ లేదు. కానీ నా ర్యాంకు అక్కడికి చాలదని ముందే తెలుసుకోవాల్సింది. ఇంకో భయం కూడా ఉండేది. కింద చిన్న కాలేజీలు పెడితే పై కాలేజీ ఇవ్వకుండా అదే ఇచ్చేస్తారేమో అని. ఊళ్లో చాలామంది అదే అన్నారు. అందుకే మూడుతో ఆపేశాను. రెండో విడతలో బీసీ-డీ కింద వెళ్లినా, ఆ మూడింటిలో నా దాకా ఏదీ మిగల్లేదు. తర్వాత మిగిలిపోయిన సీట్లకు స్పాట్ అడ్మిషన్లు పెట్టారు కానీ స్పాట్‌లో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. నాన్న అప్పు తెస్తానన్నాడు. నేనే వద్దన్నాను.

ఆ భయం పూర్తిగా తప్పని నాకు చెప్పింది కాకతీయలో పీజీ చేసిన ఒక అక్క. బంధువుల పెళ్లిలో కలిసింది. "చెల్లె, సిస్టమ్ నీ ర్యాంకు వచ్చినప్పుడు నీ మొదటి ఆప్షన్ చూస్తది. ఖాళీ ఉంటే ఇచ్చేస్తది, లేకుంటే రెండోది చూస్తది. నువ్వు కింద ఎన్ని పెట్టినా పైది పోదు. పైన ఎంత పెద్దది పెట్టినా కిందిది పోదు" అంది. ఒక కాగితం మీద గీసి చూపించింది. ఆ ఒక్క మాట ముందు ఏడాది ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

అంటే ఆప్షన్ల క్రమం మన ఇష్టం ప్రకారం ఉండాలి, వస్తుందా రాదా అన్న అంచనా ప్రకారం కాదు. ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద. వస్తే చేరను అనుకునే కాలేజీ మాత్రం అసలు పెట్టకూడదు. అంచనా ఎక్కడ పనికొస్తుందంటే, జాబితా ఎంత పొడవు ఉండాలో తేల్చుకోవడానికి.

ఒక పొడవాటి నోట్‌బుక్ కొని కెమిస్ట్రీ ఉన్న కాలేజీలన్నీ రాశాను. ఒక్కో కాలేజీకి నాలుగు గడులు: రెగ్యులరా సెల్ఫ్ ఫైనాన్సా, హాస్టల్ ఉందా, ఇంటి నుంచి ఎంత దూరం, పోయిన ఏడాది ఎంత ర్యాంకు వాళ్లు చేరారు. చివరి గడి నింపడమే కష్టం. తెలిసిన సీనియర్లకు, వాళ్లకు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి ర్యాంకు, కేటగిరీ, అమ్మాయా అబ్బాయా, ఏ విడతలో వచ్చింది అని అడిగాను. దాదాపు ముప్పై మంది చెప్పారు. ఒక్కరు కూడా విసుక్కోలేదు. కేటగిరీ అడగకుండా ర్యాంకు ఒక్కటే తెలుసుకుంటే ఆ అంకెతో ఉపయోగం లేదు, ఇది గుర్తుంచుకోండి. ఓసీలో 700కు ఆగిన చోట ఇంకో కేటగిరీలో 1,500 దాకా వెళ్లవచ్చు. అమ్మాయిలకు మూడో వంతు సీట్లు ఉంటాయి కాబట్టి అక్కడా తేడా వస్తుంది.

ఒకే కాలేజీ పేరు జాబితాలో రెండుసార్లు కనిపిస్తుంది. ఒకటి రెగ్యులర్, ఇంకోటి సెల్ఫ్ ఫైనాన్స్. ఫీజుల్లో చాలా తేడా. నాతో కౌన్సెలింగ్‌లో ఉన్న ఒకబ్బాయి అది చూసుకోకుండా సెల్ఫ్ ఫైనాన్స్ పైన పెట్టేశాడు. రెగ్యులర్ సీటుకు సరిపోయే ర్యాంకు ఉండి కూడా ఎక్కువ ఫీజు సీటు వచ్చింది. కోడ్ పక్కన ఏం రాసి ఉందో చివరి అక్షరం దాకా చదవాలి.

ఆ నోట్‌బుక్ నింపుతుంటే కోఠి దగ్గర ఆగిపోయాను. 2022లోనే ఉస్మానియా మహిళా కళాశాల విశ్వవిద్యాలయం అయింది. అది ఆడపిల్లలకే. నా ముందు ఉన్న వెయ్యి చిల్లర ర్యాంకుల్లో అబ్బాయిలు ఎంతమంది ఉంటే అంతమంది ఆ లైనులో ఉండరు. పైన ఉన్న అమ్మాయిల్లో కూడా చాలామంది ఉస్మానియా క్యాంపస్‌కో, కాకతీయకో వెళ్లిపోతారు. మొదటి ఏడాది నేను ఆ పేరు చూసి దాటేశాను. ఈసారి నాన్నను తీసుకుని వెళ్లి చూశాను. పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం, ముందు పెద్ద పెద్ద స్తంభాలు. ల్యాబులు ఎలా ఉన్నాయో అక్కడ చదివే అమ్మాయిలను అడిగాను. హాస్టల్ సంగతి కూడా అడిగాను. తిరిగి వస్తూ బస్సులో నాన్న, "ఇక్కడైతే నాకు భయం లేదమ్మా" అన్నాడు. అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే. ఇంట్లోవాళ్ల మనసు కుదరకపోతే ఆడపిల్లకు వచ్చిన సీటు కూడా చేజారిపోతుంది, నేను కళ్లారా చూశాను.

చివరికి 19 ఆప్షన్లు పెట్టాను. ఉస్మానియా క్యాంపస్, నిజాం, కాకతీయ అప్పుడూ పైనే ఉన్నాయి. నాలుగోది కోఠి. ఆ తర్వాత నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ, కరీంనగర్ శాతవాహన, డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్ పాలమూరు, వాటి కింద హాస్టల్ ఉన్న పీజీ కాలేజీలు, అట్టడుగున కోఠి సెల్ఫ్ ఫైనాన్స్. ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత కోడ్లు చూస్తూ కొట్టాను. నాకు పాస్‌వర్డ్ ఉంది, ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది. ఆఖరి రోజుకు ఆగకుండా రెండు రోజుల ముందే సేవ్ చేసి ప్రింట్ తీసుకున్నాను. ఆఖరి రోజు సైట్ నెమ్మదిస్తుంది, నెట్ సెంటర్లో లైను, అందరికీ టెన్షన్. ఆ టెన్షన్‌లో కోడ్ ఒకటి అటూ ఇటూ అయితే అడిగేవాళ్లుండరు.

మొదటి విడతలో నల్గొండ వచ్చింది. ఆ రోజు ఇంట్లో అందరం ఎంత సంతోషపడ్డామో. పోయిన ఏడాది ఇదే రోజు ఫోన్ పక్కన పడేసి పడుకున్నాను. వెంటనే ఆన్‌లైన్‌లో కట్టాల్సింది కట్టి, గడువు లోపలే వెళ్లి రిపోర్ట్ చేశాను. "ఇంకా మంచిది రావచ్చు, ఆగు" అన్నవాళ్లున్నారు. ఆగకూడదు. చేరకపోతే చేతిలో ఉన్న సీటు పోతుంది, వచ్చేది వస్తుందో లేదో తెలియదు.

రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రెండో విడతలో ఏదైనా వస్తే మొదటిది దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి రాదు. కాబట్టి చేతిలో ఉన్నదానికన్నా మనకు నిజంగా ఎక్కువ ఇష్టమైనవే పెట్టాలి. నాకు నల్గొండకన్నా పైన ఉన్నవి నాలుగే. ఆ నాలుగే పెట్టాను. పాత జాబితానే మళ్లీ మొత్తం పెట్టి, నచ్చిన సీటు పోగొట్టుకుని దూరం కాలేజీలో పడ్డవాళ్లు ఉన్నారు.

అలాట్‌మెంట్ మెసేజ్ వచ్చినప్పుడు అమ్మతో కలిసి చేనులో ఉన్నాను. కోఠి, రెగ్యులర్, బీసీ-డీ. మూడుసార్లు చదివి అమ్మకు చెప్పాను. అమ్మకు ర్యాంకులు, విడతలు తెలియవు. "అప్పుడు చూసొచ్చిన స్తంభాల కాలేజేనా?" అంది. అవునన్నాను.

నల్గొండ వెళ్లి టీసీ వెనక్కి తీసుకుని, మర్నాడే హైదరాబాద్ బస్సెక్కాం. ఒరిజినల్స్ ఒక ఫైల్లో, మూడు సెట్ల జిరాక్స్ ఇంకో ఫైల్లో. కౌంటర్ దగ్గర మేడమ్ ఒక్కో కాగితం తిప్పి చూసి, తండ్రి పేరు దగ్గర ఆగి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసింది. నాకు గుండె ఆగినంత పనైంది. "సరిగ్గా ఉంది" అని ముద్ర వేసింది. బయట మెట్ల మీద నాన్న కూర్చుని ఉన్నాడు.